విశాఖ రేవు నుంచి ఖాట్మండు దాకా, కంటైనర్ వెళ్లే దారిలో

భారత్–నేపాల్ ఉమ్మడి ప్రకటనలు ఏవి తీసినా అవే మాటలు: చారిత్రక బంధం, సాంస్కృతిక బంధం, రోటీ–బేటీ సంబంధం. ఆ స్నేహం నిజంగా ఎలా నడుస్తోందో తెలియాలంటే సరుకు వెంట పోవాలి. విశాఖలో ఓడ దిగిన పెట్టె ఖాట్మండు చేరే దారి ఇది. గూడ్సు రైల్లో మనల్ని ఎక్కనివ్వరు కాబట్టి కొంత దూరం పక్క దారిలో వెళ్లక తప్పదు. మిగతాది ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

మొదటి రోజు: విశాఖపట్నం

రాస్ హిల్ మీది చర్చి దగ్గర నిలబడితే ఓడలు లోపలి రేవులోకి వచ్చే కాలువ కనిపిస్తుంది. కంటైనర్ టెర్మినల్ మాత్రం బయటి రేవులో, ఫిషింగ్ హార్బర్ పక్కన ఉంటుంది. పాస్ లేనిదే లోపలికి పోనివ్వరు. నౌకాదళం ఉన్న చోటు కాబట్టి కెమెరా తీసే ముందు అడగడం మంచిది.

అక్కడి క్రేన్లు దింపే పెట్టెల్లో కొన్నిటి గమ్యం నేపాల్‌లోని బీర్‌గంజ్. సముద్రం లేని నేపాల్‌కు బయటి దేశాల సరుకు దశాబ్దాల పాటు దాదాపు అంతా కోల్‌కతా, హల్దియా మీదుగానే వచ్చేది. 2016 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రభుత్వాలు మార్చుకున్న లేఖలతో విశాఖ కూడా తెరుచుకుంది. సరుకు కదలడం 2017లో మొదలైంది. ఆ ఫిబ్రవరి తేదీతో రక్సౌల్‌లో (బీర్‌గంజ్‌కు ఎదురుగా బిహార్‌లో ఉన్న సరిహద్దు ఊరు) మళ్లీ పని పడుతుంది.

మ్యాపు చూస్తే ఇదేం దారి అనిపిస్తుంది. రక్సౌల్‌కు రైలు దారి కోల్‌కతా నుంచి 704 కిలోమీటర్లు, విశాఖ నుంచి 1,436. రెట్టింపు దూరం. కానీ అసలు లెక్క నీళ్లలో ఉంది. కోల్‌కతా రేవు సముద్రానికి 200 కిలోమీటర్ల పైచిలుకు లోపల, హుగ్లీ ఒడ్డున ఉంది. నది మేట వేస్తుంటుంది, ఓడ పోటు కోసం ఆగాలి, లాక్ గేటు దాటాలి. పెద్ద ఓడలు అంత లోపలికి రాలేవు. అందుకే చైనా నుంచో కొరియా నుంచో బయల్దేరిన పెట్టె సింగపూర్‌లోనో కొలంబోలోనో దిగి, చిన్న ఓడ ఎక్కి కోల్‌కతా చేరుతుంది. చిన్న ఓడలో చోటు దొరకకపోతే రోజులు అక్కడే గడిచిపోతాయి. విశాఖ బయటి రేవులో లోతు సుమారు 16 మీటర్లు, పెద్ద ఓడ నేరుగా వచ్చి ఆనుకుంటుంది. రైలు బాడుగ ఎక్కువే, కానీ మధ్య మజిలీ తప్పుతుంది. ఏది లాభమో సరుకును బట్టి, ఓడ బయల్దేరిన చోటును బట్టి తేలుతుంది. ఎప్పుడూ విశాఖే మేలు అనేవాళ్ల మాటా, ఎప్పుడూ కోల్‌కతాయే మేలు అనేవాళ్ల మాటా నమ్మక్కర్లేదు.

ఒక కంటైనర్ రైలుకు 45 వ్యాగన్లు, ఒక్కో దాని మీద 20 అడుగుల పెట్టెలు రెండు, మొత్తం 90. నేపాల్ సరుకు పలచబడిన రోజుల్లో ఆ 90 నిండేదాకా ముందొచ్చిన పెట్టెలు యార్డులో కూర్చుంటాయి. ఈ దారిలో మొదటి ఆలస్యం ఇదే.

రెండోది కాగితాలతో వస్తుంది. పాత పద్ధతిలో క్లియరింగ్ ఏజెంటు రేవు కస్టమ్స్‌లో ట్రాన్సిట్ డిక్లరేషన్ (సరుకు భారత్ గుండా నేపాల్‌కు పోతుందన్న ప్రకటన) వేయాలి. ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం), ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా సవరణ కోసం ఓడ కంపెనీకి రాయాలి. సవరణ వచ్చేదాకా డెమరేజీ (గడువు దాటి సరుకు రేవులో ఉంటే కట్టే రుసుము) మీటరు తిరుగుతూనే ఉంటుంది. పైగా భారత సుంకానికి సరిపడా బీమా చేయించాలి. ట్రాన్సిట్ ఒప్పందం ప్రకారం నేపాల్ సరుకు మీద భారత్ సుంకం వేయకూడదు, రవాణాకూ సేవలకూ అయ్యే ఛార్జీలే తీసుకోవాలి. మరి బీమా ఎందుకంటే, నేపాల్ పేరుతో సుంకం లేకుండా దిగిన సరుకు దారిలోనే మన మార్కెట్లోకి జారిపోతుందని ఢిల్లీకి ఉన్న పాత భయం. అది ఉత్తి అనుమానమేమీ కాదు, అలా జారిన సందర్భాలున్నాయి.

ఆ భయానికి మందుగా 2019లో ఎలక్ట్రానిక్ తాళం వచ్చింది. పెట్టె తలుపు గొళ్లేనికి వేసే ఈ తాళంలో బ్యాటరీ, జీపీఎస్, సిమ్ ఉంటాయి. రైలు ఎక్కడుందో చెబుతూ పోతుంది, మధ్యలో ఎవరైనా కోస్తే వెంటనే సందేశం వెళ్తుంది. తాళం భద్రంగా ఉంటే సరిహద్దులో భారత కస్టమ్స్ మళ్లీ కాగితాలు తిరగేయక్కర్లేదు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో గమ్యం బీర్‌గంజ్ అని రాయిస్తే అక్కడిదాకా బాధ్యత ఓడ కంపెనీదే. చిక్కు ఎక్కడంటే, వాడిన తాళాలు బీర్‌గంజ్ నుంచి రేవుకు తిరిగి రావాలి. అవి రాకపోతే అన్నీ సిద్ధంగా ఉన్న పెట్టె కూడా తాళం కోసం ఆగుతుంది.

రెండో రోజు: హావ్‌డా మీదుగా

పెట్టె ఒడిశా, బెంగాల్, ఝార్ఖండ్, బిహార్ దాటుకుంటూ పోతుంది. మనిషికి సులువైన దారి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్. సాయంత్రం విశాఖలో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం లోపు హావ్‌డా ఊళ్లోని షాలిమార్ స్టేషన్, అక్కడి నుంచి హావ్‌డా స్టేషన్‌కు వెళ్లి మధ్యాహ్నం దాటాక మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారాక రక్సౌల్. మొదటి బండి ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది, ఒక రాత్రి కోల్‌కతాలో ఉండేలా అనుకుని బయల్దేరితే నిశ్చింత. ఛఠ్ పండుగ ముందు రోజుల్లో బిహార్ రైళ్లలో కాలు పెట్టే చోటుండదు. డిసెంబరు, జనవరిలో మంచు వల్ల గంటల తరబడి ఆలస్యం మామూలే, గూడ్సు రైళ్లయితే ఇంకా వెనకబడతాయి.

మూడో రోజు: రక్సౌల్

స్టేషన్ బయట ఈ–రిక్షాలు, వాటి మధ్య ఇంకా గుర్రపు టాంగాలు. బీర్‌గంజ్ అంటే చాలు ఎక్కించుకుంటారు. దారిలో సిర్సియా నది మీద మైత్రీ వంతెన (స్థానికుల నోట మితేరీ పుల్), అది దాటితే శంకరాచార్య ద్వారం, అదే నేపాల్. 1950 జులై 31 నాటి శాంతి, స్నేహ ఒప్పందం వల్ల భారతీయులకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. ఆధార్ ఒక్కటే నమ్ముకుని వెళ్లడం తెలివైన పని కాదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన తెలుగువాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు భారత్ ఇచ్చేది) నేపాల్‌లో చెల్లదు, వాళ్లకు నేపాల్ వీసా తప్పనిసరి. అంతకు ముందే రక్సౌల్ ఇమిగ్రేషన్‌లో భారత్ వదిలినట్టు ముద్ర వేయించుకోవాలి. ఎవరూ ఆపరు కాబట్టి చాలామంది ఆ ఆఫీసు చూడకుండానే వంతెన దాటేస్తారు. ముద్ర లేదని బయటపడేది బీర్‌గంజ్‌లో, అప్పుడు వెనక్కి నడవాలి.

కింద సిర్సియా నీళ్లు నల్లగా పారుతుంటాయి. బీర్‌గంజ్–పథ్‌లైయా దారిలోని ఫ్యాక్టరీల మురికి ఈ నదిలోకి వస్తుందన్నది రక్సౌల్ జనం ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదు. పెద్ద దేశం చిన్న దేశాన్ని ఇబ్బంది పెట్టిన కథలే మనకు ఎక్కువగా వినిపిస్తాయి. నది పైనున్నవాడికీ కిందున్నవాడికీ లెక్క వేరు.

2015లో కథంతా ఈ వంతెన మీదే నడిచింది. ఆ ఏడాది సెప్టెంబరు 20న నేపాల్ కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అందులో తమకు అన్యాయం జరిగిందని తరాయి (భారత్‌ను ఆనుకున్న మైదానం) ప్రాంతపు మధేశీ పార్టీలు వంతెన మీద బైఠాయించాయి. కొద్ది రోజుల్లోనే లారీలు, ట్యాంకర్లు ఆగిపోయాయి. నిరసన నేపాల్ లోపలిది, లారీవాళ్లు భయపడి రావడం లేదని భారత్ అంది. నిరసన లేని చోట్ల కూడా బళ్లు ఎందుకు కదలడం లేదని ఖాట్మండు అడిగింది. ఏప్రిల్ భూకంపం నుంచి ఇంకా తేరుకోని దేశంలో గ్యాస్ బండ, పెట్రోలు, మందులు కరువయ్యాయి. ఫిబ్రవరి మొదటి వారంలో దారి తెరుచుకుంది. రెండు వారాలకు ప్రధాని కేపీ శర్మ ఓలీ ఢిల్లీ వచ్చారు, విశాఖ లేఖల మీద సంతకాలయ్యాయి. ఆ పై నెలలోనే ఆయన బీజింగ్ వెళ్లి చైనాతో ట్రాన్సిట్ ఒప్పందం చేసుకున్నారు.

ఇలా జరగడం అదే మొదటిసారి కాదు. 1989 మార్చిలో వాణిజ్య, ట్రాన్సిట్ ఒప్పందాల గడువు తీరింది. రెండూ కలిపి ఒకటే ఉండాలని భారత్, విడివిడిగా ఉండాలని నేపాల్ పట్టుబట్టాయి. భారత్ సరుకు దారుల్లో రెండింటిని వదిలి మిగతావన్నీ మూసేసింది. 1991లో నేపాల్ కోరినట్టు విడి ఒప్పందాలు వచ్చాయి. దారి మూసుకున్న ప్రతిసారీ, మళ్లీ తెరుచుకున్నప్పుడు కాస్త వెడల్పుగా తెరుచుకుంది. ఆ వెడల్పుకు నేపాల్ జనం చెల్లించిన ధర మాత్రం ఏ ఒప్పందంలోనూ కనపడదు.

నాలుగో రోజు: బీర్‌గంజ్

గడియారం పావుగంట ముందుకు తిప్పాలి. 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, 1993 నుంచీ ఇదే రేటు. వంద నోట్లు ఎక్కువగా ఉంచుకుంటే పేచీ ఉండదు. 2024 మార్చి నుంచి ఫోన్‌పే... కాదు, ఇక్కడిది ఫోన్‌పే పేరును పోలిన ఫోనేపే, ఆ క్యూఆర్ కోడ్‌కు మన యూపీఐతో చెల్లించొచ్చు. మన సిమ్ ఘంటాఘర్ (ఊళ్లోని గడియార స్తంభం) దాకా అందినట్టే ఉండి చప్పున పోతుంది, నెట్ కావాలంటే అక్కడి సిమ్ కొనాలి.

ఊరి అంచున సిర్సియా డ్రైపోర్టు (సముద్రం లేని చోట కంటైనర్లు దింపి కస్టమ్స్ పని చేసే రేవు) ఉంది. రక్సౌల్ నుంచి బ్రాడ్‌గేజ్ పట్టా నేరుగా లోపలికి వెళ్తుంది. రైలు సేవల ఒప్పందం కుదిరిన 2004లోనే ఇది పని మొదలుపెట్టింది. రైలు వచ్చాక తాళాలు సరిచూస్తారు, పెట్టెలు దింపుతారు, అప్పటి నుంచి నేపాల్ కస్టమ్స్ (ఇక్కడి మాటలో భన్సార్) వంతు. దిగుమతిదారు ప్రకటన పత్రం దాఖలు చేసి సుంకం కట్టాలి. గొడవ ఎక్కువగా వచ్చేది సరుకు విలువ దగ్గర. ఇన్‌వాయిస్‌లో రాసిన ధర తక్కువని అధికారి అనుకుంటే విలువ పెంచి సుంకం వేస్తాడు, వ్యాపారి ఒప్పుకోడు, పెట్టె కదలదు. దశైఁ (నేపాల్ దసరా) ముందు సరుకు ఒక్కసారిగా ఎక్కువవుతుంది, పండుగ రోజుల్లో ఆఫీసులు మందగిస్తాయి. ఆ నెలలో పెట్టె తెప్పించుకునే వ్యాపారి అనుభవస్తుడైతే కనీసం రెండు వారాలు ముందుకు జరుపుకుంటాడు.

చాలా ఏళ్లు ఈ దారిలో కంటైనర్ రైళ్లు నడిపింది భారత ప్రభుత్వ సంస్థ కాంకర్ ఒక్కటే. బాడుగ వాళ్లు చెప్పిందే. 2021 జులైలో మార్చుకున్న లేఖతో ప్రైవేటు ఆపరేటర్లకూ అనుమతి దొరికింది. పేపర్లలో చిన్న వార్తగా పోయింది గానీ, నేపాల్ వ్యాపారులకు ఏ శిఖరాగ్ర సమావేశం కన్నా ఇదే ఎక్కువ ఒరగబెట్టిందనిపిస్తుంది.

లారీల దారి వేరు. పాత వంతెన మీద రద్దీ తప్పించడానికి భారత్ సొమ్ముతో కట్టిన సమీకృత తనిఖీ కేంద్రం 2018 ఏప్రిల్‌లో మొదలైంది. కస్టమ్స్, ఇమిగ్రేషన్, క్వారంటైన్, తూకం, గోదాములు ఒకే ప్రహరీలో. ఇలాంటిదే బిరాట్‌నగర్‌లో 2020లో, నేపాల్‌గంజ్‌లో 2023లో వచ్చింది. కట్టడాలు బాగున్నాయి. ఆగడం ఎక్కడంటే ప్రయోగశాల దగ్గర. తిండి సరుకు, మొక్కలు, మందుల నమూనా పరీక్షకు పోతే ఫలితం వచ్చేదాకా లారీ అక్కడే. ఒక దేశపు ల్యాబ్ రిపోర్టును రెండో దేశం ఒప్పుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఐదో రోజు: అమ్లేఖ్‌గంజ్

బీర్‌గంజ్ నుంచి హెటౌడా బస్సు ఎక్కితే పథ్‌లైయా దాటాక సాల చెట్ల అడవి, ఆ తర్వాత అమ్లేఖ్‌గంజ్. 1927 నుంచి రక్సౌల్–అమ్లేఖ్‌గంజ్ మధ్య చిన్న రైలు నడిచేది, 1960లలో ఆగిపోయింది. ఇప్పుడు ఊరికి పేరు నేపాల్ ఆయిల్ కార్పొరేషన్ డిపో వల్ల. బిహార్‌లోని మోతిహారీ నుంచి ఇక్కడికి 69 కిలోమీటర్ల పైపులైను. ఖర్చు ఇండియన్ ఆయిల్ పెట్టుకుంది. 1996లో మొదలైన ఆలోచన 2019 సెప్టెంబరు 10న పనిలోకి వచ్చింది. ఇరవై ఏళ్లు మాటల్లోనే గడిచాయి, పని మొదలయ్యాక మాత్రం 30 నెలల గడువు కన్నా చాలా ముందే ముగించారు. ఏడాదికి 20 లక్షల టన్నులు పంపే శక్తి ఉంది.

మొదట డీజిల్ ఒక్కటే పంపారు. ఒకే గొట్టంలో డీజిల్ వెనక పెట్రోలు పంపితే రెండూ కలిసే చోట కొంత మిశ్రమం తయారవుతుంది. దాన్ని పక్కకు తీసి వేరే ట్యాంకులో పెట్టాలి, నాణ్యత చూసి వాడుకోవాలి లేదా వెనక్కి పంపాలి. అందుకు తగ్గ ట్యాంకులు ఈ చివరన ఉంటేనే రెండో సరుకు సాధ్యం. ట్యాంకర్ల కాలంలో దారిలో ఆవిరయ్యేది, దొంగతనంగా పోయేది, కల్తీ అయ్యేది ఎక్కువ. ఆ నష్టం ఇప్పుడు లేదు. ప్రతి నెలా 1న, 16న ఇండియన్ ఆయిల్ నుంచి కొత్త ధరల పట్టిక వస్తుంది, ఖాట్మండు బంకుల ధర దాన్ని బట్టి కదులుతుంది.

పైపు వచ్చాక వంతెన మీద ఎవరు బైఠాయించినా డీజిల్ ఆగదు. కానీ వాల్వు మోతిహారీలో ఉంది. నేపాల్ నేతలు ఈ రెండు సంగతులూ తెలిసే 2023లో చిత్వన్ దాకా పొడిగింపునకూ, సిలిగుడి నుంచి ఝాపాకు మరో పైపునకూ ఒప్పుకున్నారు.

ఆరో రోజు: ఖాట్మండు ఘాటు

హెటౌడాలో దారులు చీలతాయి. నేరుగా ఉత్తరానికి ఎక్కేది త్రిభువన్ రాజ్‌పథ్, భారత సైనిక ఇంజనీర్లు వేసింది, 1956లో పూర్తయింది. అంతకు ముందు ఖాట్మండును ఏలిన రాణాల కార్లను భీమ్‌ఫేదీ నుంచి మనుషులు భుజాల మీద మోసుకెళ్లేవారు. సిమ్‌భంజ్యాంగ్ దగ్గర ఈ రోడ్డు 2,488 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. మెలికలు ఎక్కువ, కంటైనర్ లారీ తిరగదు. ఆకాశం తేటగా ఉన్న రోజు దామన్ నుంచి మంచుకొండల వరస చూడాలనుకునేవాళ్లకు ఇదే సరైన దారి. తొందరున్నవాళ్లు కులేఖానీ మీదుగా వెళ్లే జీపు ఎక్కుతారు. దూరం తక్కువే గానీ రోడ్డు ఇరుకు, వానల్లో నమ్మలేం.

లారీ పడమటికి తిరిగి నారాయణ్‌గఢ్, ముగ్లింగ్ చుట్టి వస్తుంది. నారాయణ్‌గఢ్–ముగ్లింగ్ మధ్య 36 కిలోమీటర్లు త్రిశూలి పక్కనే నడిచే ఈ రోడ్డు వానాకాలంలో ప్రమాదకరం. 2024 జులై 12 తెల్లవారుజామున సిమల్‌తాల్ దగ్గర కొండచరియ రెండు బస్సులను నదిలోకి నెట్టేసింది. వాటిలో ఒకటి బీర్‌గంజ్ నుంచి ఖాట్మండు వెళ్తున్నది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాత్రి బస్సు వద్దు, పగటి బస్సే ఎక్కాలి.

ముగ్లింగ్ నుంచి నౌబీసే దాకా పృథ్వీ రాజమార్గ్, చైనా కట్టించింది. నౌబీసే నుంచి లోయలోకి ఎక్కే చివరి ముక్క మళ్లీ భారత్ వేసిన రాజ్‌పథ్. మధ్యలో మలేఖు దగ్గర బస్సులు ఆగుతాయి, వేయించిన ఏటి చేపలు అక్కడి ప్రత్యేకం.

చైనాతో కుదిరిన ట్రాన్సిట్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 2019 ప్రోటోకాల్ ప్రకారం నేపాల్ తియాన్‌జిన్, షెన్‌జెన్, లియాన్‌యున్‌గాంగ్, ఝాన్‌జియాంగ్ రేవులు వాడుకోవచ్చు. తియాన్‌జిన్ నేపాల్ సరిహద్దుకు 3,000 కిలోమీటర్ల పైనే. హిమాలయ కనుమలు వానకూ మంచుకూ మూతపడతాయి. సరుకు పరంగా ఆ కాగితం ఇప్పటికైతే పెద్దగా పనికిరాదు. ఢిల్లీతో బేరమాడేటప్పుడు చేతిలో ఉండటానికి పనికొస్తుంది.

ఏడో రోజు: ఖాట్మండు

థమెల్ పక్కన త్రిదేవి మార్గ్‌లో సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) సచివాలయం ఉంది, 1987 నుంచీ ఇక్కడే. చివరి శిఖరాగ్ర సమావేశం కూడా ఈ ఊళ్లోనే, 2014 నవంబరులో జరిగింది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది రద్దయింది, ఆ తర్వాత ఇంకేదీ లేదు. సార్క్ చార్టరు ప్రకారం నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, ఇద్దరి మధ్య తగాదాలు చర్చకు పెట్టకూడదు. చిన్న దేశాలకు పెద్ద దేశంతో ఉన్న పేచీలన్నీ ఇద్దరి మధ్యవే. ఇక అక్కడ మాట్లాడుకోవడానికి మిగిలేది ఎంత?

ఇద్దరే కూర్చుని తేల్చుకుందామన్న ప్రయత్నమూ జరిగింది. 1950 ఒప్పందంతో సహా అన్నీ తిరగేయడానికి 2016లో ఒక్కో దేశం నుంచి నలుగురితో ప్రముఖుల బృందం వేశారు. భారత్ వైపు భగత్ సింగ్ కోశ్యారీ, నేపాల్ వైపు భేఖ్ బహదూర్ థాపా నాయకులు. 2018లో ఏకాభిప్రాయంతో నివేదిక తయారైంది. ఇద్దరు ప్రధానులకూ అందజేయాలన్నది షరతు, ఢిల్లీ సమయం ఇవ్వలేదు.

కరెంటు సంగతి ఇందుకు భిన్నం. 2024 అక్టోబరు 3న ఇదే నగరంలో నేపాల్, భారత్, బంగ్లాదేశ్ సంస్థలు సంతకాలు చేశాయి. జూన్ 15 నుంచి నవంబరు 15 దాకా, నదులు నిండుగా ఉండే ఐదు నెలలు, భారత్ తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు, యూనిట్‌కు 6.4 అమెరికన్ సెంట్లు. 40 మెగావాట్లు ఏ లెక్కకూ రావు. కానీ నేపాల్ కరెంటు భారత్ గడ్డ దాటి మూడో దేశం చేరడం ఇదే మొదలు.

ఇక పెట్టె సంగతి. ఖాట్మండులో సరుకు దిగాక అది ఖాళీగా తిరిగి పోవాలి. నేపాల్ ఎగుమతులు తక్కువ కాబట్టి తిరుగు రైలు ఎక్కువగా ఖాళీ పెట్టెలతోనే నడుస్తుంది, ఆ బాడుగ కూడా వచ్చేటప్పటి సరుకు మీదే పడుతుంది. ఓడ కంపెనీ ఇచ్చిన ఉచిత రోజులు దాటితే రోజుకింత డిటెన్షన్ (పెట్టె ఆలస్యంగా తిరిగి ఇచ్చినందుకు రుసుము). దారి ఎంత సాఫీగా ఉన్నా ఈ ఖర్చు తగ్గదు. 2025 నవంబరులో మార్చుకున్న లేఖతో విశాఖ–నౌతన్వా (యూపీలో సునౌలీ సరిహద్దు దగ్గరి రైల్వే స్టేషన్) మార్గంలోనూ నేపాల్ సరుకు రైళ్లకు అనుమతి వచ్చింది. పెట్టెల్లో కాకుండా విడిగా పోసి పంపే బల్క్ సరుకుకు కూడా అది వర్తిస్తుంది. ఆ దారి ఊపందుకుంటే భైరహవా, బుట్వల్ వైపు సిమెంటు, ఉక్కు మిల్లులకు వెళ్లే సరుకు రక్సౌల్ చుట్టు తిరగకుండా సునౌలీ మీదుగా దిగుతుంది.